జాబు చేరవలసిన చోటికే చేరవలెను

(గ్రామ పంచాయతి సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. రహదారి, మంచినీరు, వీధి దీపము, మురుగు కాలువ, ఇట్టివానివలె కంటికి కనిపించునది కాదు. ఈ-మెయిలు పంపునప్పుడు అది పొరపాటున మరియొకరికి చేరకుండ చూచుకొనుట ఎట్లు అనునదే నా ప్రసంగ విషయము. “ఇది కార్యదర్శి చూచుకొనవలసిన పని గదా, మాకేల?” అని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఆ మెయిళ్లలో ప్రయాణము చేయునవి ఏవి? మీ గ్రామస్థుల పేర్లు, వారి ఆధారు సంఖ్యలు, వారి బ్యాంకు ఖాతాలు, వారు నమ్మకముతో మీకు విన్నవించుకొన్న కష్టములు. వానికి కావలివారు మీరు. కనుక ఇది మీ పనియే.

ఒకప్పుడు పంచాయతి కార్యాలయమునుండి పై కార్యాలయమునకు ఒక కాగితము పోవలెనన్న బంట్రోతు సైకిలెక్కి పోవలసియుండెను, లేదా తపాలా పెట్టెలో వేయవలసియుండెను. నేడు పింఛను జాబితాలు, పనుల అంచనాలు, గ్రామసభ తీర్మానములు, నిధుల వినియోగ పత్రములు, ఫిర్యాదులు చాలవరకు కంప్యూటరు మీదుగానే పోవుచున్నవి. పంచాయతుల ప్రణాళికలకు, లెక్కలకు సంబంధించిన ‘ఈ-గ్రామ స్వరాజ్’ అను ఏర్పాటును కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న ప్రారంభించినది. దీనివలన కాలము కలిసివచ్చినది, ఖర్చు తగ్గినది. మేలు ఎంత వేగముగా చేరునో, పొరపాటు కూడ అంత వేగముగానే చేరును. ఈ రెండవ మాట మనము తరచుగా మరచుచున్నాము.

పోస్టుమాను లేని టపా

కాగితపు ఉత్తరమునకు ఒక రక్ష యుండెను. చిరునామాలో ఇంటిపేరు తప్పిపోయినను, వీధి పేరు తారుమారైనను, ఊరిలోని పోస్టుమాను దానిని చేతబట్టుకొని ఒక్క క్షణము ఆలోచించెడివాడు. “ఈ రామయ్యగారు పెద్ద బజారులోని రామయ్యగారు కాదు, చెరువుగట్టు రామయ్యగారు” అని తానే సరిచేసి అందజేసెడివాడు. ఎవరికిని చెందని ఉత్తరములను తెరచి చూచి, పంపినవారికి త్రిప్పి పంపుటకు తపాలా శాఖలో ప్రత్యేక కార్యాలయములే యుండెను. అంతటితో ఆగక, ఒకే పేరుగల ఊళ్లు అనేకము ఉండుటచేతను, పలు భాషలలో పలు విధములుగా చిరునామాలు వ్రాయుటచేతను కలుగు చిక్కులను తొలగించుటకు 1972 ఆగస్టు 15న మన దేశములో 6 అంకెల పిన్ కోడు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ప్రాంతముల కోడులు 5తో మొదలగుట మీకు తెలిసినదే.

ఈ-మెయిలునకు పోస్టుమాను లేడు. ఈ సంగతి మనసునకు పట్టినచో తక్కిన ప్రసంగమంతయు దానంతట అదియే బోధపడును. 1971లో అమెరికా దేశమున రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు వలయము మీదుగా జాబు పంపు ఉపాయమును కనిపెట్టినాడు. చిరునామాలో మనిషి పేరును, ఆ మనిషి జాబులు నిలువయుండు చోటి పేరును వేరుచేయుటకు ‘ఎట్’ అను గుర్తును ఎన్నుకొన్నవాడు ఆయనయే. ఆ గుర్తునకు ఎడమవైపున ఉన్నది మనిషి, కుడివైపున ఉన్నది ఇల్లు అని అనుకొనుడు. నేటికిని ప్రపంచమంతట అదే పద్ధతి.

యంత్రము ఆ అక్షరములను మాత్రమే చూచును. మీ మనస్సులో ఎవరున్నారో దానికి తెలియదు. ఒక అక్షరము తప్పినచో రెండు విధములలో ఒకటి జరుగును. ఆ తప్పు చిరునామా లోకములో ఎవరికిని లేనిదైనచో, జాబు చేరలేదని మీకు తిరుగు సమాచారము వచ్చును. అది అదృష్టము. ఆ చిరునామా నిజముగా మరియొకరికి ఉన్నచో జాబు నిశ్శబ్దముగా వారికి చేరును. మీకేమియు తెలియదు. మీరు పని పూర్తియైనదనుకొందురు. అసలు అందవలసిన అధికారి “నాకేమియు రాలేదు” అనుకొనును. నడుమ ఒక అపరిచితుడు మీ గ్రామస్థుల వివరములను చదువుకొనుచుండును. తిరిగి వచ్చు జాబుకంటె, తిరిగి రాని తప్పు జాబే ప్రమాదకరము.

పెద్దవారికిని తప్పని పొరపాట్లు

ఇది చదువు తక్కువ వారు చేయు పొరపాటని తలంపకుడు. అమెరికా సైన్యమువారి చిరునామాలు ‘ఎం-ఐ-ఎల్’ అను మూడు అక్షరములతో ముగియును. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు చిరునామాలు ‘ఎం-ఎల్’ అను రెండక్షరములతో ముగియును. నడుమ ఒక్క ‘ఐ’ జారిపోయినచో అమెరికా సైన్యమునకు పోవలసిన జాబు మాలి దేశపు దారి పట్టును. 2023 జూలైలో ఈ సంగతి పత్రికలలో వెల్లడియైనది. ఆ సంవత్సరము జనవరి మొదలుకొని, మాలి దేశపు చిరునామాల నిర్వహణ చూచుచుండిన ఒక డచ్చి దేశస్థుని వద్దనే అట్టి దారితప్పిన జాబులు సుమారు 1,17,000 చేరినవట! సైనికుల వైద్య వివరములు, ప్రయాణముల ఏర్పాట్లు వానిలో నుండెను. అమెరికా సైన్యాధ్యక్షుడు ఇండొనీసియా దేశమునకు పోవు సందర్భమున ఆయనకు కేటాయించిన హోటలు గదుల వివరములు సైతము అందులో బయటపడినవి. ఎంతటి కోటగోడ యున్నను ఒక్క అక్షరము జారినచో తలుపు తెరచినట్లే.

మరియొక ఉదాహరణము మన దేశమునకును సంబంధించినది. 2014 నవంబరులో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున జి-20 దేశాధినేతల సమావేశము జరిగినది. ఆ దేశపు వలస శాఖ ఉద్యోగి యొకరు, అచటికి రానున్న 31 మంది నాయకుల పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు సంఖ్యలు, వీసా వివరములు గల మెయిలును, ఆసియా కప్పు ఫుట్‌బాలు పోటీల నిర్వాహక సంఘములోని ఒకరికి పంపినారు. ఆ నాయకులలో మన ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోడీ, అమెరికా అధ్యక్షుడు ఒబామా కూడ ఉండిరి. కారణమేమి? చిరునామాలో మొదటి అక్షరములు టైపు చేయగానే కంప్యూటరు తానే మిగిలిన పేరును నింపినది. నింపిన పేరు సరియైనదా కాదా అని ఆ ఉద్యోగి చూడలేదు. ఇదియే మొత్తము కథ. దొంగలు లేరు, కుట్ర లేదు. రెండు సెకండ్ల అజాగ్రత్త మాత్రమే.

ఇక మూడవ రకము పొరపాటు. చిరునామాలన్నియు సరియైనవే, కాని ఒకరి చిరునామా మరియొకరికి కనబడరాదు. 2015 సెప్టెంబరులో లండను నగరములోని ఒక ఆరోగ్య కేంద్రము సుమారు 780 మందికి ఒకేసారి ఒక వార్తాపత్రమును మెయిలు చేసినది. వారిలో అధిక సంఖ్యాకులు హెచ్.ఐ.వి. గలవారు. ప్రతివారికిని తక్కిన వారందరి చిరునామాలు కనబడినవి. వానిలో పెక్కింటిలో పూర్తి పేర్లే యుండెను. ఇరుగుపొరుగునకు తెలియరాదని ఎవరు ఎంతగా దాచుకొన్నారో, ఆ రహస్యము ఒక్క మీటతో వీధిన పడినది. ఆ సంస్థకు 2016లో 1,80,000 పౌనుల జరిమానా విధింపబడినది. జరిమానా చెల్లింపవచ్చును గాని బయటపడిన రహస్యమును మరల లోపల పెట్టుట ఎవరి తరము?

2021 సెప్టెంబరులో బ్రిటిషు రక్షణ శాఖ కూడ అట్టి తప్పే చేసినది. ఆఫ్ఘనిస్తానములో తాలిబానుల చేత చిక్కకుండ దాగియుండి, దేశము విడిచి పోవుటకు దరఖాస్తు పెట్టుకొన్న 245 మందికి ఒకే జాబు పంపుచు, అందరి చిరునామాలను అందరికిని కనబడునట్లు ఉంచిరి. దానికి ఒకరు అందరికిని జవాబు పంపుచు తామున్న చోటును కూడ తెలియజేసిరి. ఆ జాబు శత్రువు చేత పడినచో ఏమగునో మీరే ఊహించుకొనవచ్చును. ఇందుకు ఆ శాఖకు 2023 డిసెంబరులో 3,50,000 పౌనుల జరిమానా పడినది.

మన ఊళ్ల చిక్కులు

“ఇవన్నియు దూరదేశపు మాటలు గదా” అందురేమో. మన యొద్ద ఈ పొరపాటునకు అవకాశము మరింత ఎక్కువ. కారణములు మూడు గలవు.

మొదటిది, మన పేర్లను ఆంగ్ల లిపిలో వ్రాయుటకు ఒక కట్టుబాటు లేదు. ‘కొత్తపల్లి’ అను పేరునే చూడుడు. ‘త్త’ కొరకు ఒకరు ‘టి’ అక్షరమును రెండుసార్లు వ్రాయుదురు, మరియొకరు ‘టి’ ప్రక్కన ‘హెచ్’ను చేర్చుదురు. చివరి అక్షరమునకు ఒకరు ‘ఐ’ని, ఇంకొకరు ‘వై’ని, వేరొకరు ‘ఇ’ని వాడుదురు. తెలుగులో ఒకే పేరు, ఆంగ్లములో అరడజను రూపములు! శ్రీనివాసు, లక్ష్మి, వెంకటేశ్వర్లు అను మనుష్యుల పేర్లకును ఇదే గతి. చెవితో విని టైపు చేసిన చిరునామా సరిగా నుండుట కేవలము అదృష్టము. కనుక చిరునామాను ఎన్నడును నోటిమాటగా తీసికొనరాదు.

రెండవది, ఒకే పేరుగల ఊళ్లు. రామాపురములు, వెంకటాపురములు, కొత్తపేటలు మన రెండు రాష్ట్రములలో ఎన్ని యున్నవో మీకు తెలియును. పంచాయతుల చిరునామాలు ఊరి పేరుతోనే మొదలైనచో, కంప్యూటరు ఒక ఊరికి బదులు మరియొక ఊరిని చూపుట వింత కాదు.

మూడవది, కార్యాలయముల మార్పులు, అధికారుల బదిలీలు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31గా మారినవి, 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినవి, ఆ తరువాత కూడ మార్పులు జరిగినవి. నిన్న మన జిల్లా అధికారి నేడు మన జిల్లా అధికారి కారు. కాని మన కంప్యూటరునకు నిన్నటి చిరునామాయే గుర్తు. అది మొదటి అక్షరము పడగానే పాత చిరునామానే ముందునకు తెచ్చి చూపును. బదిలీయై పోయిన ఉద్యోగి సొంత పెట్టెకు మన గ్రామపు కాగితములు నెలల తరబడి పోవుచుండుట అసంభవము కాదు.

ఇప్పుడు ఒక సన్నివేశమును ఊహింతము. ఒక గ్రామములో నలుగురు స్త్రీలు కలసి బెల్టు దుకాణముపై పంచాయతికి అర్జీ ఇచ్చిరి. దుకాణము ఎవరిదో, వెనుక నున్నది ఎవరో పేర్లతో సహా వ్రాసిరి. “మా పేర్లు బయటికి రాకూడదు” అని బ్రతిమాలుకొనిరి. కార్యాలయమువారు ఆ అర్జీని పై అధికారికి పంపదలచి, అంతకుముందు వారము గ్రామ పెద్దలందరికిని వచ్చిన ఒక సమావేశపు మెయిలును తెరచి, దానికే ‘రిప్లై ఆల్’ మీట నొక్కి అర్జీని జత చేసిరి. ఆ పెద్దలలో ఆ దుకాణపు యజమాని అన్నగారు కూడ ఉన్నాడు! సాయంత్రమునకు ఊరంతయు తెలిసెను. ఆ నలుగురు స్త్రీలు మరునాడు కుళాయి వద్దకు ఎట్లు పోగలరు? ఇకమీదట ఆ పంచాయతికి అర్జీ ఇచ్చు ధైర్యము ఎవరికి కలుగును? పంచాయతికి మూలధనము పన్నులు కావు, నిధులు కావు, జనుల నమ్మకము. అది ఒక్క మీటతో ఖర్చు కాగలదు.

కాలు జారినచో తీసికొనవచ్చును గాని నోరు జారినచో తీసికొనలేమని పెద్దల మాట. మీట మీద వ్రేలు జారుటయు నోరు జారుట వంటిదే.

పాటింపవలసిన పద్ధతులు

ఇక ఉపాయములు. ఇవి డబ్బుతో పని లేనివి. అలవాటుతో మాత్రమే పని.

మొట్టమొదటి సూత్రము, చిరునామాను చివర వ్రాయుడు. చాలమంది కంప్యూటరు తెరవగానే చిరునామాను నింపి, ఆపైన విషయమును వ్రాసి, పత్రములను జత చేయుదురు. నడుమ ఎవరో పిలుతురు, వ్రేలు పొరపాటున మీటపై పడును, సగము జాబు పోవును. దీనిని తలక్రిందులు చేయుడు. ముందు విషయము, తరువాత జత పత్రము, తరువాత ఒకసారి చదువుట, అన్నిటికిని చివర చిరునామా. చిరునామా లేని జాబు ఎక్కడికిని పోజాలదు. తాళము వేసిన బండి వంటిది అది.

రెండవది, చిరునామాల పుస్తకమును తయారు చేయుడు. మన పంచాయతికి తరచుగా పనిబడు కార్యాలయములు ఇరువదియో ముప్పదియో ఉండును. ఒక రిజిష్టరులో ఆ కార్యాలయము పేరు, హోదా, చిరునామా, సరిచూచిన తేదీ వ్రాసి యుంచవలెను. మనిషి పేరుతో నున్న సొంత చిరునామా కంటె, హోదా పేరుతో ప్రభుత్వము ఇచ్చిన చిరునామా శ్రేష్ఠము. అధికారి మారినను ఆ చిరునామా మారదు. క్రొత్త చిరునామాకు మొదటిసారి పంపునప్పుడు “ఇది సరిచూచుటకు పంపిన జాబు, అందినచో తెలుపగలరు” అని రెండు పంక్తులు మాత్రమే పంపుడు. జవాబు వచ్చిన తరువాతనే అసలు కాగితములు పంపుడు. క్రొత్త బావిలో నీరు త్రాగుటకు ముందు పరీక్ష చేయింతుము గదా, అట్లే.

మూడవది, కంప్యూటరు చూపు పేరును నమ్మవలదు. మొదటి అక్షరములు టైపు చేయగానే క్రింద కనబడు పేర్లు సలహాలు మాత్రమే, ఆజ్ఞలు కావు. పేరు మాత్రమే చూచి ఊరుకొనక, దాని ప్రక్కనున్న పూర్తి చిరునామాను, ముఖ్యముగా ‘ఎట్’ గుర్తు తరువాతి భాగమును చదువవలెను. ప్రభుత్వ కార్యాలయమునకు పోవు జాబు ప్రభుత్వపు చిరునామాతో ముగియుచున్నదా, లేక ఏదో ప్రైవేటు పెట్టె పేరుతో ముగియుచున్నదా? పాతబడిన చిరునామాలు ఆ సలహాల జాబితాలో కనబడినచో వానిని తొలగించుడు. తొలగించు వీలు చాల మెయిలు పద్ధతులలో కలదు.

నాల్గవది, ‘రిప్లై’, ‘రిప్లై ఆల్’ అను రెండు మీటల భేదము తెలిసికొనుడు. మొదటిది జాబు వ్రాసిన వారికి మాత్రమే జవాబు పంపును. రెండవది ఆ జాబు అందుకొన్న వారందరికిని పంపును. మన నిత్యపు పనిలో నూటికి తొంబది పాళ్లు మొదటిదే చాలును. ‘ఫార్వర్డు’ చేయునప్పుడు క్రిందికి దిగి చూచుట మరువకుడు. పాత జాబులన్నియు తోకవలె వెంటబడి యుండును, వానిలో పరులు చదువరాని మాట ఉండవచ్చును.

ఐదవది, పదిమందికి ఒకే జాబు పంపవలసి వచ్చినపుడు, వారు ఒకరికొకరు తెలిసిన అధికారులైనచో చిరునామాలు ‘టు’ అను గడిలో నుండవచ్చును. గ్రామస్థులు, దరఖాస్తుదారులు, రోగులు, లబ్ధిదారులు అయినచో ‘బి.సి.సి.’ అను గడిలో మాత్రమే వ్రాయవలెను. అప్పుడు ఒకరి చిరునామా మరియొకరికి కనబడదు. లండను ఆరోగ్య కేంద్రము వారు చేయవలసిన పని ఇంతమాత్రమే.

ఆరవది, జత పత్రమును పంపుటకు ముందు తెరచి చూడుడు. ‘జాబితా’, ‘జాబితా క్రొత్తది’, ‘జాబితా చివరిది’ అను పేర్లతో నాలుగు పత్రములుండును, ఒకదానికి బదులు మరియొకటి పోవును. ఇంకొక చిక్కు గలదు. గడుల పట్టికలలో కొన్ని వరుసలను కనబడకుండ దాచు వీలున్నది. కంటికి కనబడనంత మాత్రమున అవి లేనట్లు కాదు. 2022 ఫిబ్రవరిలో బ్రిటిషు రక్షణ శాఖలోని ఒకరు సుమారు 150 మంది వివరములే యున్నవని తలచి ఒక పట్టికను బయటివారికి మెయిలు చేసిరి. దానిలో దాగియున్న వివరములు సుమారు 18,700 మందివి! వారందరును ఆఫ్ఘనిస్తానమునుండి రక్షణ కోరినవారే. ఈ సంగతి 2025 జూలైలో లోకమునకు తెలిసినది. కనుక పది పేర్లు అడిగినచో పది పేర్లతో క్రొత్త కాగితము తయారుచేసి పంపుడు. మొత్తము రిజిష్టరును పంపి, “మీకు కావలసినది తీసికొనుడు” అనవలదు. ఆధారు అవసరమైన చోట చివరి 4 అంకెలు మాత్రమే కనబడు నకలు దొరకును, అది చాలుననినచో దానినే వాడుడు.

ఏడవది, రహస్యముగా నుండవలసిన పత్రములకు సంకేత పదముతో తాళము వేసి, ఆ పదమును అదే మెయిలులో వ్రాయక ఫోనులో చెప్పుడు. అప్పుడు జాబు దారి తప్పినను పెట్టె దొరకినవానికి తాళపుచెవి దొరకదు. పెట్టెను, తాళపుచెవిని ఒకే త్రాటికి కట్టి పంపువారిని మనము తెలివిగలవారని అనము గదా.

ఎనిమిదవది, అత్యవసరము కానిచో రెండవ కన్ను చూడవలెను. వ్యక్తుల వివరములు గల జాబును పంపునప్పుడు ఒకరు చిరునామాను బిగ్గరగా అక్షరము వెంట అక్షరముగా చదువవలెను, మరియొకరు రిజిష్టరులో సరిచూడవలెను. డిస్పాచి రిజిష్టరులో నమోదు చేసి పంపు పాత పద్ధతిని వెక్కిరింపవలదు. ఆ నమోదు చేయు అర నిమిషములోనే ఎన్నో తప్పులు దొరకుచుండెను. వాట్సాపు గుంపులలో పత్రములు పంపునప్పుడును ఇదే నియమము. గుంపులో ఎవరెవరున్నారో చూడక ఎవరి కాగితమును అందులో వేయరాదు.

తప్పు జరిగినచో

ఎంత జాగ్రత్తపడినను పొరపాటు జరుగవచ్చును. అప్పుడేమి చేయవలెను? జీమెయిలులో పంపిన జాబును ఆపుకొనుటకు 5 సెకండ్లనుండి 30 సెకండ్లవరకు గడువు పెట్టుకొను వీలున్నది. ఆ గడువును 30 సెకండ్లకు మార్చి యుంచుట మంచిది. కాని ఆ గడువు దాటినచో జాబు మీ చేతిలో లేదు. వెనుకకు పిలుచు మీట కొన్ని పద్ధతులలో ఉన్నను, అది సామాన్యముగా ఒకే సంస్థలోనివారి నడుమ మాత్రమే పనిచేయును. బయటివారి పెట్టెలో పడిన జాబును ఆ మీట తీసికొనిరాజాలదు.

కనుక వెంటనే ఫోను చేయుడు. జాబు అందుకొన్నవారితో మర్యాదగా మాటలాడి, చదువక తొలగింపుమనియు, తొలగించితిమని ఒక పంక్తి వ్రాసి పంపుమనియు కోరుడు. సర్పంచునకును, పై అధికారికిని ఆ దినమే తెలియజేయుడు. ఎవరి వివరములు బయటికి పోయినవో వారికి దాచక చెప్పుడు. ఖాతా సంఖ్య పోయినదని తెలిసినచో వారు బ్యాంకువారిని హెచ్చరింతురు, వంచకులు ఫోను చేసినచో జాగ్రత్తపడుదురు. దాచినచో ఆ అవకాశము కూడ వారికి ఉండదు. మన దేశములో వ్యక్తిగత సమాచారమును కాపాడుటకు 2023లో ఒక చట్టము చేయబడినది, దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. జనుల వివరములను చేతబట్టిన ప్రతివారును వానిని భద్రపరచు బాధ్యత గలవారని ఆ చట్టపు సారాంశము. చట్టము లేకున్నను ఆ బాధ్యత మనకు ఉండనే ఉన్నది.

ఇక్కడ సర్పంచులకు, సభ్యులకు ఒక మనవి. తప్పు చేసిన ఉద్యోగి తానుగా వచ్చి చెప్పినచో అతనిని నలుగురిలో చిన్నబుచ్చవలదు. ఒకసారి చిన్నబుచ్చితిరా, రెండవసారి ఎవరును చెప్పరు. చెప్పని తప్పు సరిదిద్దబడదు. అజాగ్రత్తను మందలింపుడు, దాపరికమును దండింపుడు. ఒప్పుకొనుటను మాత్రము ప్రోత్సహింపుడు.

మరియొకరికి పోవలసిన జాబు మన పెట్టెలో పడినచో? అప్పుడు మనమే పోస్టుమానులము కావలెను. ఆస్ట్రేలియా ఉదంతములో పొరపాటును ముందుగా తెలియజేసినవారు ఆ జాబు అందుకొన్నవారే. వారు దానిని తొలగించిరి కూడ. మనమును అట్లే పంపినవారికి తెలిపి, తొలగించి, అందులోని మాట మరియొకరితో అనక ఊరుకొనవలెను. పంపినవారు అపరిచితులైనచో మాత్రము, జాబులోని లంకెలను, జత పత్రములను తెరువవలదు. పొరపాటున వచ్చినట్లు నటించు మోసపు జాబులు నేడు కొల్లలుగా వచ్చుచున్నవి.

సభ్యులకు కొన్ని మాటలు

మీలో కంప్యూటరు ముట్టనివారు కూడ ఉండవచ్చును. అయినను మీరు చేయగల పనులున్నవి. వచ్చు పంచాయతి సమావేశములో మూడు ప్రశ్నలు అడుగుడు. “మన చిరునామాల రిజిష్టరు ఎక్కడ? దానిని చివరిసారి ఎప్పుడు సరిచూచిరి? జనుల వివరములు గల జాబును ఇద్దరు చూచి పంపుచున్నారా?” ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేనిచో ఆ దినమే ఒక తీర్మానము చేయుడు. ప్రతి మూడు నెలలకును, అధికారుల బదిలీలు జరిగిన ప్రతిసారియు, ఆ రిజిష్టరును సరిచూడవలెనని నిర్ణయింపుడు. పంచాయతికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఒక వితంతువు తన పింఛను కాగితమును మీ బల్లపై పెట్టి పోవునప్పుడు, అది ఎవరి చేతికి పోవునో ఆమె అడుగదు. మీ మీది నమ్మకమే ఆమెకు రసీదు. ఆమె అడుగని ప్రశ్నను ఆమె తరఫున మీరు అడుగవలెను. ఊరికి వచ్చు ఉత్తరమును చేరవలసిన ఇంటికే చేర్చిన ఆ పాత పోస్టుమాను బాధ్యతను, ఊరినుండి పోవు ప్రతి జాబు విషయములోను ఇప్పుడు మీరు వహింపవలసియున్నది. మీట నొక్కుటకు ముందు ఒక్క క్షణము ఆగి, చిరునామాను ఒకసారి చదువుమని మీ కార్యాలయమువారికి చెప్పుడు, చెప్పి చేయించుడు.